నీ రాయేంది ముందు చెప్పు

చీటీ పాడిన డబ్బు యాభై ఎనిమిది వేలు
కేటలాగుల సంచిలో అడుగున పెట్టుకుని
ఒంగోలు బస్సెక్కినప్పుడు
నాకు తెలిసిందల్లా పాతది ఇక ఈడ్చలేదని మాత్రమే.

పదకొండేళ్ళు చేసింది పాపం.
ఇంకా కొండలోనే ఉన్న రాయిని
ఎవరింట్లోనో పరిచి చూపిస్తాను నేను.
నల్లరాతిలో చుక్కలు ఒక్కొక్కటీ వెలగాలి,
కిటికీ వెలుతురు నేల మీద సాగిలపడాలి.
ఒక్క బొమ్మకి నలభై నిమిషాలు.
రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు,
అది ముప్పావు బొమ్మ దగ్గర టప్పున ఆరిపోయేది.
పాత నైలాన్ చీర ముక్క అడ్డం కట్టినా
ఫ్యాను రెక్కల్లో చీమకుర్తి అంతా పేరుకునేది.

కర్నూలు రోడ్డు కొట్లో సందాని
బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు, నీలంది, నారింజది.
"ఇది ఆరు కోర్లక్కా, ఒక్కోటి ఉరుకుద్ది.
ఇది పన్నెండు, పని పంచుకుంటయ్యి.
ఇంకోటుంది, కూర్చోండి, అప్పుడు చెప్తా రేటు."
గిగాహెర్ట్జులు, కాష్‌లు, నానోమీటర్లు,
పురుగుమందు డబ్బా వెనక అక్షరాల్లా.
రేపొస్తానన్నాను.
రేపు ధర మారుద్దక్కా, అని నవ్వాడు.

మాలకొండయ్య మామకి ఎడమ చెవి వినపడదు.
ఇరవై ఆరేళ్ళు గ్యాంగ్‌సా పక్కన నిలబడ్డ చెవి.
ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ కొట్టు.
కుడివైపు కూర్చుని అరిచాను:
ఆరా, పన్నెండా?

గ్లాసు కడగడం ఆపలేదు.
"నీ రాయేంది ముందు చెప్పు.
దిమ్మని పలకలు కొయ్యాలంటే ఎనభై బ్లేళ్ళు ఒకేసారి దిగాల.
వంటగట్టు అంచు గుండ్రంగా తియ్యాలంటే
అందులో డెబ్బై తొమ్మిది ఊరికే నిలబడి కరెంటు తింటయ్యి.
ఇంకోమాట. నీళ్ళు ఆగిపోతే ఏ రంపమైనా
కోసేది రాయిని కాదమ్మాయ్, తన్ను తానే."

ఆ రాత్రి లెక్కల పుస్తకంలో నా రోజుని రాసుకున్నాను.
రంగు మార్చి, ఓనరు వద్దంటే మళ్ళీ మార్చి,
అంచులు గుండ్రంగా తీసే గంటలు ఏడు.
దిమ్మ కోసే గంటలు రెండే.
ఆ రెండే కదా నన్ను రాత్రి పదింటికి ఇంటికి పంపేవి!
కొట్టేశాను. మళ్ళీ రాశాను.

ఎనిమిది కోర్లది ఉందా అని అడిగితే
సందాని లోపల్నించి తెచ్చాడు, నిరుటిది, డబ్బా మూల నలిగింది.
మిగిలిన డబ్బు నీళ్ళకి పెట్టాను,
రెండు ఫ్యాన్ల కూలర్, దుమ్ము జాలీ.
బిస్కెట్టంత ఉంది అంతా కలిపి.
మూలన బంగారు గుర్తు చూసి, ఊపిరి బిగబట్టి దించాడు.
నొక్కకూడదంట, దాని బరువుకి అదే కూర్చోవాలంట.
పైన కందిగింజంత పేస్టు.
"ఇసకతో చేస్తారక్కా దీన్ని" అన్నాడు.
మా ఊళ్ళో అందరం రాతి తిండే తింటున్నాం,
నేనేం ఆశ్చర్యపోలా.

నాలుగు నిమిషాలు ఇప్పుడు బొమ్మకి.

పాతదాంతో బొమ్మ మొదలుపెట్టి గేటు దాకా నడిచేదాన్ని.
మామ కూతురి కాన్పు, బ్లాస్టింగు రోజు తప్పించుకున్న వైనం,
ఇంటావిడ పెట్టే ఎండుచేపల పులుసు,
అన్నీ ఆ నలభై నిమిషాల్లో విన్నవే.
లెక్కల పుస్తకంలో అది రాయడం మర్చిపోయాను.

ఇవాళ మామే గ్లాసు పట్టుకుని లోపలికొచ్చాడు.
కుడి చెవి డబ్బాకి ఆనించాడు. ఏమీ లేదు.
ఎందుకో ఎడమదీ ఆనించి చూశాడు.
"నడస్తందా?"
అరచెయ్యి పెట్టాడు, గాలి వెచ్చగా తగిలిందేమో, తలూపాడు.

టీ ఇంకా కాలుతూనే ఉంది, బొమ్మ అయిపోయింది.
ఒక చుక్క సరిగ్గా వెలగలేదు మామా, కూర్చో, అని
మళ్ళీ మొదట్నించీ పెట్టాను.